కొత్త వెర్షన్ మొరాయించిన పెళ్లి

నిన్న పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని స్టూడియో గదిలోకి వెళ్లేసరికి మా కోడలు కంప్యూటర్ ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచనలో ఉంది. తెర మధ్యలో చిన్న పెట్టె ఒకటి వెలిగి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వచ్చింది, ఇప్పుడే వేసుకుంటారా, తర్వాత చూస్తారా అని అడుగుతోంది. స్టూడియోలో ఎడిటింగంతా ఇప్పుడు ఆ పిల్లదే. నేను అడిగితే సలహా, అడక్కపోయినా సలహా ఇచ్చే పెద్దరికంలో ఉన్నాను. అయినా మర్యాదకు నా వైపు తిరిగి, వేయించేద్దామా అత్తయ్యా అంది. జవాబు చెప్పబోయి ఫక్కున నవ్వేశాను. ఆ పిల్ల తెల్లబోయింది గానీ, వీసీఆర్‌ల కాలం నుంచి పెళ్లి వీడియోలు చూస్తూ వచ్చిన నా ఈడు వాళ్లు నా నవ్వుకు కారణం వింటే తప్పు పట్టరు.

మేము విజయనగరం వైపు నుంచి అరకు వచ్చి ఫొటో స్టూడియో పెట్టుకున్నవాళ్లం. మావారు కెమెరా భుజాన వేసుకుని ఏ కొండైనా ఎక్కేవారు గానీ, కుర్చీలో కుదురుగా కూర్చోవడం మాత్రం ఆయన ఒంటికి పడేది కాదు. అలా ఎడిటింగ్ నా నెత్తిన పడింది. రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టుకుని, దీంట్లో ప్లే, దాంట్లో రికార్డు ఒకేసారి నొక్కాలి. వేలు కాస్త ఆలస్యమైతే తాళి కట్టే చెయ్యి మాయమై ఏకంగా భోజనాల బంతి వచ్చేది. వంటింట్లో పోపు వేసే అలవాటున్న చెయ్యి కాబట్టి నాకు సమయం తెలుసునని మావారు వేళాకోళం చేసేవారు. తర్వాత కంప్యూటర్ వచ్చింది, దాంతోపాటే మా మరిది రాకపోకలూ ఎక్కువయ్యాయి.

మరిది విశాఖలో కంప్యూటర్ల దుకాణంలో పనిచేసేవాడు. ఎప్పుడు వచ్చినా చొక్కా జేబులో సిగరెట్ పెట్టెకు బదులు ఏదో ఒక సీడీ ఉండేది. వదినా, ఈ వెర్షన్ లేకపోతే ఇక మన షాపు మూసుకోవాల్సిందే అన్నది అతని పలకరింపు. అతన్ని అని లాభం లేదు, నాకూ సరదాగానే ఉండేది. పెళ్లికూతురు గులాబీ విచ్చుకుంటే అందులోంచి రావడం, పెళ్లికొడుకు జలపాతం మీద తేలడం, ఇద్దరూ కలిసి ఎన్నడూ చూడని మంచుకొండల ముందు చేతులు కట్టుకుని నిలబడటం, ఇవన్నీ నేను చేసినవే, చేసి మురిసినవే. బజారులో కొట్లు పెట్టుకున్న కోమట్ల ఇళ్లలో అయితే గులాబీలు తక్కువయ్యాయని దెబ్బలాడేవారు కూడా.

అప్పుడు డుంబ్రిగుడ పైన కొండమీద ఊరి పిల్ల పెళ్లి మాకు వచ్చింది. అక్కడి గిరిజనుల్లో పెళ్లికూతుర్ని పెళ్లికొడుకు ఊరికి తీసుకువెళ్లి అక్కడ పెళ్లి చేస్తారు. ఆ ఊరేమో రెండు కొండల అవతల ఉంది. పిల్లను పెంచింది అమ్మమ్మ. మోకాళ్లు పట్టేసి ఆవిడ కొండ దిగలేక ఇంటి దగ్గరే ఉండిపోయింది. పెళ్లయ్యాక సంతకు వచ్చిన ఆ పిల్ల మా స్టూడియో గుమ్మంలో నిలబడి, కొత్త గాజులు సర్దుకుంటూ, సిగ్గుపడుతూనే గట్టిగా చెప్పింది.

“మా అమ్మమ్మ నా పెళ్లి సూడనేదమ్మా. మేం ఇంటికెళ్లే రోజుకి కేసెట్టు బేగి ఇచ్చీయండి. అంతా అవుపడాల.”

మొగుడితో కలిసి మొదటిసారి పుట్టింటికి వెళ్లే రోజది. చుట్టాలంతా చేరతారు. ముసలావిడకు పెళ్లి అంటూ చూపిస్తే ఆ రోజే చూపించాలి, మర్నాడు వీళ్లు వెళ్లిపోతారు. సీడీని కేసెట్టనే అంటున్న ఆ పిల్లకు నేను మాట ఇచ్చేశాను.

పని దాదాపు పూర్తయింది కూడా. గులాబీలు విచ్చుకున్నాయి, మంచుకొండలు లేచాయి. ఆడవాళ్లు వరస కట్టి ఆడే థింసా ఆటను చిన్న చిన్న ముక్కలు చేసి, డప్పు, తుడుము, మోరి సన్నాయి మోత మొత్తం తీసేసి, దాని మీద సినిమా పాటలు పరిచాను. అప్పట్లో ఎడిటింగ్ అంటే అదే, ఉన్న చప్పుడు ఉంచితే పని చేయలేదనుకునేవారు. సరిగ్గా ఆ సమయానికి మరిది దిగాడు. కొత్త వెర్షన్‌లో ఇంకా మంచి గులాబీలున్నాయన్నాడు. వేశాం. పెళ్లి తెరుచుకుంది, ముచ్చటగానే ఉంది, మంచిదే కదా అని సేవ్ చేశాం. ఆ తర్వాత మా పాత కంప్యూటర్ ఆ బరువు మోయలేక అడుగడుగునా మొరాయించి, చివరికి తెరంతా నీలం చేసుకుని కూర్చుంది. పోనీ పాత వెర్షనే మళ్లీ వేసుకుందామంటే, కొత్తదాంట్లో సేవ్ చేసిన పని పాతదాంట్లో తెరుచుకోదట. ఆ ముక్క మరిదికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ పూట మరిది వంకాయ కూర మరోసారి వడ్డించమంటే నాకు వినపడలేదు.

పాత వెర్షన్ వేయించుకుని, టేపులు మొదటి నుంచి ఎక్కించుకుని కూర్చున్నాను. గులాబీలకు వ్యవధి లేదు, పాటలు వెతికి పరచడానికి అసలే లేదు. బాగులేని చోట్లు తీసేసి, బాగున్నవి వరసగా అతికించుకుంటూ పోయాను. థింసా దగ్గర ఎక్కడ తెంపాలో తోచక, అక్కడ ఆలోచిస్తూ కూర్చునే తీరికా లేక, మావారు ఎలా తీశారో అలాగే మోతతో సహా వదిలేశాను. మనసులో మాత్రం బెంగే. ఇంత బోసిగా ఉన్న వీడియో చూసి ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంటే ఏం చెప్పాలా అని సీడీ పట్టుకుని మరిదితో జీపు ఎక్కిన దగ్గర నుంచి అదే ఆలోచన.

ఊళ్లో వాకిలి నిండా జనం. టీవీని అరుగు మీద పెట్టి, ఎండ పడకుండా పైన దుప్పటి కట్టారు. అమ్మమ్మ మంచం అందరికంటే ముందు వేశారు. నేను ఎప్పుడు పెళ్లి వీడియో వేసినా కూర్చున్నట్టే అందరి వెనక, జనం ఎక్కడ కదులుతారా అని వాళ్ల వీపులు చూస్తూ కూర్చున్నాను. ఎవరు కనిపిస్తే వాళ్ల పేరు పెట్టి కేకలు వేస్తూ నవ్వుకుంటున్నారు. ముసలావిడ మాత్రం తెర మీద మనవరాలు ఎక్కడా అని వెతుక్కుంటోంది. ఇంతలో థింసా వచ్చింది. ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసుకున్న ఆడవాళ్ల వరస, మధ్యలో పెళ్లికూతురు, తెగకుండా డప్పు. ముసలావిడ పాదం మంచం కోడుకు తగులుతూ ఆడటం మొదలైంది. పక్కన కూర్చున్నామె నడుము వెనగ్గా చెయ్యి వేసింది. అది చూసి ఇంకొకామె లేచింది, తర్వాత మరొకామె. చూస్తుండగానే వాకిలంతా వరస కట్టింది. పెళ్లికూతురు అమ్మమ్మను లేవదీసి, తన నడుము ఆసరా ఇచ్చి, మంచం పక్కనే ఆడించింది. టీవీలో ఆట అయిపోగానే ముసలావిడ వెనక్కి తిరిగింది.

“ఏటి, అప్పుడే ఆపేసినారు? మళ్లీ ఎయ్యండి.”

మళ్లీ వేశాం. అలా సాయంత్రం వరకూ వేస్తూనే ఉన్నాం. ఆ తర్వాత వచ్చే భోజనాలు, అప్పగింతలు, చివర్లో నేను ఒద్దికగా దిద్దిన స్టూడియో పేరు ఎవరూ చూడనే లేదు. అంత సంతోషంగా నేను ఎప్పుడూ ఇంటికి రాలేదు. జీపులో మరిది, చూశావా వదినా, నా పుణ్యమే అన్నాడు. ఆ మాటకు మర్నాడు వంకాయ కూర మళ్లీ చేశాను.

దానర్థం కొత్త వెర్షన్లు వద్దని కాదు. కెమెరాల్లో టేపులు పోయి మెమరీ కార్డులు వచ్చినప్పుడు పాత సాఫ్ట్‌వేర్ వాటిని చదవనంటే మారాం, కెమెరా మారిన ప్రతిసారీ మారుతూనే వచ్చాం. కోడలికీ అదే చెప్పాను, చేతిలో ఉన్న పెళ్లి ఇచ్చేశాక వేయించుకో, మధ్యలో మాత్రం ముట్టుకోకు అని. పిల్ల తలూపి పనిలో పడింది. నాకంటే ఎన్నో రెట్లు పనిమంతురాలు. ఎక్కడ తెంపాలో నేను ఆ వీపుల వెనక కూర్చుని నేర్చుకున్నాను, తను ఎవరూ చెప్పకుండానే పట్టేసింది. పని పూర్తికాగానే ఫోన్‌లో పంపేస్తుంది. వాళ్లు బస్సులో ఒకరు, పొలంలో ఒకరు, పడక మీద ఒకరు ఎవరికి వారే చూసుకుని, బాగుందని చప్పట్ల బొమ్మలు పంపుతారు. అవి చూసి ఆ పిల్ల నిజంగానే సంతోషిస్తుంది, నాకు తెచ్చి చూపిస్తుంది కూడా. కానీ తను చేసిన వీడియోకు ఒక వాకిలంతా లేచి ఆడటం మా కోడలు ఇంతవరకూ చూడలేదు. అది ఎలా ఉంటుందో తనకు ఎంత చెప్పినా నాకు తృప్తి కలగడం లేదు.