కాలువలో పారేసిన పరీక్ష

మొన్న బెజవాడలో షుగరు పరీక్షకు వెళ్ళి కూర్చుంటే, పక్క కుర్చీలో ఒకాయన తన భార్య గర్భసంచిలోంచి తీసిన ముక్క ఉన్న డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, చీటీ మీద పేరు సరిగ్గా రాశారో లేదోనని రెండుసార్లు చూసుకున్నాడు. నాకు మా బావ గుర్తొచ్చాడు.

పాతికేళ్ళ కిందటి మాట. కంకిపాడు చుట్టుపక్కల ఆ రోజుల్లో ఆడవాళ్ళకు రక్తస్రావం కాస్త ఎక్కువైతే చాలు, గర్భసంచి తీయించేయడమే వైద్యం. పిల్లలు పుట్టాక దానితో పనేముందని మేమూ అనుకునేవాళ్ళం. మా అక్కకూ అలాగే తీశారు. తీసినదాన్ని ట్రేలో పెట్టి బంధువులకు చూపించి, మందునీళ్ళ సీసాలో వేసి, బెజవాడ ల్యాబుకు మీరే పట్టుకెళ్ళండని చేతికివ్వడం అప్పటి పద్ధతి. సంచిలో ఉన్న గడ్డ మామూలుగా లేదు, పరీక్ష తప్పనిసరి అని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. నేను తీసుకెళ్తానంటే, మగాణ్ణి నేనుండగా నువ్వెందుకని బావ సీసా లాక్కున్నాడు. నాలుగు రోజులకు అడిగితే, "అంతా బాగానే ఉందన్నార్లే" అన్నాడు. నమ్మాం.

తర్వాత అక్కకు విడవని జ్వరాలు, చెమటలు, గజ్జల్లో గడ్డలు. ఏడు నెలలకు పెద్దాసుపత్రిలో ముక్క తీసి చూసి లింఫోమా అన్నారు. తెల్లరక్తకణాల్లో పుట్టే క్యాన్సరట, అక్కకు గర్భసంచిలోనే మొదలై ఉంటుందట, అలా అవడం చాలా అరుదట, తొందరగా పట్టుకుంటే మందులకు లొంగే రకమేనట. పాత రిపోర్టు తెమ్మన్నప్పుడు గానీ సంగతి బయటపడలేదు. సీసాలోని మందు వాసనకు బస్సులో అందరూ తననే చూస్తున్నారని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడానికి అసహ్యం వేసి, బావ మధ్యలో దిగి కాలువలో పారేశాడట. "ఛీ, మగాడు మోసే వస్తువేనా అది?" అని వాళ్ళమ్మ కొడుకును వెనకేసుకొచ్చింది. ఆ కొడుక్కి ముగ్గురు పిల్లల్ని మోసి ఇచ్చిన చోటు వాళ్ళకు అసహ్యమైంది!

కీమో మొదలుపెట్టేసరికే జబ్బు ఒళ్ళంతా పాకింది. అక్క మూడో కోర్సు దాటలేదు.

ఆ ఇంట నేను మళ్ళీ మంచినీళ్ళు ముట్టలేదు. కిందటి నెల గన్నవరంలో ఒక పెళ్ళి భోజనాల్లో ఎదుటి వరసలో కూర్చున్న బావ, "ఇంకా ఎన్నాళ్ళమ్మాయ్ ఈ కోపం? ముసలాళ్ళమైపోయాం గదా" అన్నాడు.

"అక్కకు జబ్బు ఎక్కడ మొదలైందో ఒక్కసారి నోటితో చెప్పండి బావగారూ, ఇప్పుడే వచ్చి మీ పక్కన కూర్చుని తింటాను" అన్నాను.

చుట్టూ చూసి, విస్తట్లోకి తల దించుకుని, "అన్నాల దగ్గర అవేం మాటలు" అని గొణిగాడు.

ఈ రోజుల్లో మా కోడలు నెలసరి, గర్భసంచి అంటూ అవే మాటలు హాల్లో కూర్చుని డాక్టరుతో ఫోనులో చెబుతుంటే, మా అబ్బాయి పక్కనే ఉండి మందుల పేర్లు రాసుకుంటాడు. వాళ్ళిద్దర్నీ చూసినప్పుడల్లా, అక్క ఇంకో ఇరవై ఏళ్ళు ఆగి జబ్బు పడినా బతికేదేమో అనిపిస్తుంది.