అంచు దగ్గర వంగని చెయ్యి

మా వడ్రంగి షాపు మేస్త్రిగారు మొన్న ఆదివారం పొద్దున్న పోయారు. కబురు తెచ్చినవాడు సైకిలు దిగకుండానే చెప్పాడు. ఎలా పోయారని అడిగితే, టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకి ఆనుకుని అలాగే నిద్రలోకి వెళ్ళిపోయారన్నాడు. రెండేళ్ళుగా ఆయన దగ్గుతో పడ్డ అవస్థ కళ్ళారా చూసినవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు ఏడుపు కంటే ముందు ఊపిరి వచ్చింది. అమ్మయ్య, నొప్పి లేకుండా వెళ్ళారు అనుకున్నాను. అలా అనుకున్నందుకు నేనేమీ సిగ్గుపడటం లేదు. మేమంతా అక్క అని పిలిచే ఆయన భార్య కూడా అదే మాట అంది.

"ఒక్క దగ్గయినా రానేదు తమ్ముడూ. ప్రభువు సల్లగా తీసుకెల్లిపోనాడు."

ఇది చదివే మీలో చాలామంది ఆయన్ని ఎరగకపోవచ్చు. కానీ భిలాయిలో ఏ క్యాంటీను కౌంటరు మీదో, ఏ రేషను దుకాణం బల్ల మీదో చెయ్యి ఆనించే ఉంటారు. అందులో సగం ఆయన చేయించినవే. నాకు ఉద్యోగం నిలబెట్టింది కూడా అలాంటి బల్లే.

నేను వాల్తేరులో రైలు పెట్టెల మరమ్మతు షాపులో ఎనిమిదేళ్ళు వడ్రంగం చేసి, ఇక్కడ ఉక్కు కర్మాగారం ఫర్నేసులు ఒక్కొక్కటే లేస్తున్న రోజుల్లో వచ్చాను. రైల్వే పని వదులుకుని మరీ వచ్చాను కాబట్టి వెనక్కి దారి లేదు. మూడు నెలలు తాత్కాలికం, ఆ తర్వాత పరీక్ష అన్నారు. గట్టెక్కితే పని ఖాయం, క్వార్టరు వస్తుంది, శ్రీకాకుళంలో పుట్టింట్లో ఉన్న నా భార్యనీ పిల్లనీ తెచ్చుకోవచ్చు. తప్పితే క్యాంప్ 1 అనే కూలీల బస్తీలో, నా గదిలో పరుచుకున్న చాప చుట్టుకోవడమే.

కరెంటుతో తిరిగే ఉప్పుకాగితం మిషను నేను మొదట చూసింది ఆ షాపులోనే. రష్యా వాళ్ళ సామానుతో వచ్చింది. రోజంతా చిత్రిక పట్టి నున్నగా చేసే బల్లని అది గంటలో చేసేది. పాడు చెయ్యడం ఇంకా తొందరగా చేసేది. నాకు అప్పగించిన పని ఒక క్యాంటీను కౌంటరు, నాలుగు టేకు బల్లలు. వాటిని కొసకి కొస కలిపి వరసగా పేర్చాలి. కలిసే కొసలు కత్తితో కోసినట్టు పలకగా ఉండాలి. కాస్త గుండ్రం తిరిగాయా, అతుకు దగ్గర గాడి పడుతుంది, అందులోకి పప్పు దిగుతుంది, చీమలు కాపురం పెడతాయి.

నాదేమో రైలు చెయ్యి. రైలు పెట్టెలో పలక అంచు అన్నది ఉండకూడదు. పిల్లల తలలు, పెద్దల మోకాళ్ళు తగిలే చోట్లు అవి. ఎనిమిదేళ్ళు కనిపించిన ప్రతి అంచునీ గుండ్రం చేసి గొప్పవాణ్ణి అనిపించుకున్నాను. ఇక్కడ మిషను అంచు దాకా పోగానే నా మణికట్టు నన్ను అడక్కుండానే వంగేది. మొదటి బల్ల అయ్యాక చూసుకుంటే రెండు కొసలూ వాడిన సబ్బుబిళ్ళలా ఉన్నాయి. మర్నాడే పరీక్ష. భయంతో ఒక వెధవ పని చేశాను. రంపపు పొట్టులో జిగురు కలిపి కొసలకి మెత్తి, పలకగా దిద్ది ఆరబెట్టాను.

షిఫ్టు అయ్యే వేళకి మేస్త్రిగారు వచ్చారు. పనిని కళ్ళతో చూసి ఊరుకునే అలవాటు ఆయనకి లేదు. బొటనవేలి గోరు అంచు వెంట నడిపించేవారు. గోరు కొస దగ్గర ఆగింది.

"ఇదేటి బాబూ, సెక్కకి మందు రాసినావా?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఉన్నదంతా చెప్పేశాను. "నా చెయ్యి నా మాట వినడం లేదు మేస్త్రిగారూ. రేపు పరీక్షలోనూ ఇంతే" అన్నాను.

ఆయన రంపం తీసి, కొలిచి, రెండు కొసలూ ఒక్కో అంగుళం కోసి పడేశారు. బల్ల పొట్టిదైపోయింది, నా పని అయిపోయింది అనుకున్నాను.

"బెంగెట్టుకోకు. నాను ఏ బల్లయినా రెండేపులా అంగుళం ఎక్కువెట్టే కోయిస్తాను. అది బయానికి. బయం తీరినాక కోసీడమే." నవ్వి, నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశారు. "ఇది మంచి సెయ్యే, దాన్ని తిట్టకు. కాపలా ఎట్టు, సాలు."

అప్పుడు చూపించారు. రెండో బల్ల చుట్టూ అదే మందం ఉన్న పాత చెక్కలు, పైన మట్టం సమంగా ఉండేట్టు క్లాంపులతో బిగించారు. తోడు చెక్కలు అనేవారు వాటిని. మిషను అంచు దాటినా ఒరగడానికి చోటు దొరకదు, తిన్నగా తోడు చెక్క మీదికి నడిచిపోతుంది. అరిగితే అదే అరుగుతుంది. తర్వాత బల్లంతా అంచుల దాకా పెన్సిలుతో గీతలు కొట్టారు.

"గీతలన్నీ ఒక్కపాలి పోవాల. అంచుకాడివి ముందు పోనాయంటే సెయ్యి ఒంగినట్టే. నొక్కకు. మిసను బరువు మిసనుకి సాలు."

మర్నాడు మిషను ముట్టుకునే ముందు పాత చెక్కలు అడిగాను. పరీక్ష పెట్టే పెద్దాయన "యే క్యా తమాషా హై?" అన్నాడు. నేను వాటిని బల్ల చుట్టూ బిగించుకుంటూ పోయాను. మేస్త్రిగారు తలుపు బయట నిలబడి, నావైపు చూడకుండా కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. ఎంతసేపు తుడిచారో! పని అయ్యాక పెద్దాయన కొసకి మూలమట్టం ఆనించి, వంగి, సందులోంచి వెలుతురు వస్తుందేమోనని వెతికాడు. రాలేదు. "ఠీక్ హై" అన్నాడు.  ఆ నెలాఖరుకే నా భార్యా పిల్లా మరోదా కాలనీలో నాకిచ్చిన క్వార్టరులో దిగారు.

తర్వాతి పదేళ్ళూ ఆయన కిందే పనిచేశాను. మిషను మీట నొక్కే ముందు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసేవారు. "ఆరాం సే భయ్యా, ఆరాం సే" అని, నెమ్మదిగా పొమ్మని, మిషనుకీ మనిషికీ ఒకేలా చెప్పేవారు. అరిగిపోయిన తోడు చెక్కల్ని టీ పొయ్యిలో పెట్టబోతే మాత్రం ఊరుకునేవారు కాదు. వాటిని తుడిచి అటక మీద పేర్చేవారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

పోయిన వానాకాలంలో చూడ్డానికి వెళ్తే దగ్గు మధ్య నవ్వారు.

"నా పెట్టి నువ్వే సెయ్యాల. ఆ పొద్దు తోడు సెక్క ఎట్టకు. నీ రైలు సెయ్యి వాడు. మోసీవోల బుజాలు నొప్పెట్టకూడదు."

అవేం మాటలని కోప్పడ్డాను. ఆయన గోడవైపు తిరిగి మళ్ళీ నవ్వారు.

ఆదివారం మధ్యాహ్నం అడిగి షాపు తాళం తీయించాం. ఆయన శవపెట్టె బిగించాక, తోడు చెక్కలు లేకుండా మిషను అంచు మీదికి తోశాను. చెయ్యి వంగలేదు. మళ్ళీ తోశాను. అంచు పలకగానే ఉంది. పదేళ్ళలో నా రైలు చెయ్యి ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. "చూశారా మేస్త్రిగారూ, నన్ను పూర్తిగా చెడగొట్టేశారు" అని పైకే అనేశాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. మిషను ఆపేసి, ఉప్పుకాగితం మడిచి, భుజాలు తగిలే అంచులు రెండూ చేత్తో రుద్దాను. గంట పట్టింది.

సాయంత్రం ఆరుగురం ఎత్తుకున్నాం. సమాధుల దొడ్డి దాకా నేను భుజం మార్చలేదు. ఇంటికొచ్చి చొక్కా విప్పితే నా భార్య దీపం దగ్గరికి రమ్మని భుజం తడిమి చూసింది. చిన్న గీత కూడా లేదు.