పది లక్షల ఒకటి

ఉప్పల్‌లో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో వరండా కడిగినప్పుడల్లా బ్లీచింగ్ వాసన వస్తుంది. ఆ ఘాటుకు నాచారంలో మాకు ట్యూషన్ చెప్పిన సుగుణ టీచర్ గుర్తొస్తారు.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. తెలంగాణ ఇంకా రాలేదు. మా నాన్న, టీచర్ భర్త మల్లేశం మామ ఒకే రసాయనాల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఒక సాయంత్రం మేం ట్యూషన్‌లో ఉండగా అటునుంచి సైరన్ మోగింది. ఎంతకీ ఆగలేదు. ఘాటైన వాసన గదిలోకి వచ్చేసింది. టీచర్ కిటికీలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, మా చున్నీలు తడిపి ముక్కులకు కట్టించారు. నేను తలుపు వైపు పరుగెత్తాను. రెక్క పట్టి ఆపారు.

"మా నాయిన ఆడ ఉన్నడు టీచర్!"

"మీ మామ గూడ ఆడనే ఉన్నడు. బయట గాలి మంచిగ లేదు. కూసో."

బోర్డు మీద 1000001 అని రాశారు. ఇది ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చమన్నారు. అంకెలు కూడితే రెండు, కాబట్టి మూడుతో పోదు. ఏడు, పదకొండు, పదమూడు... దేనితో భాగించినా చివర రెండే మిగిలింది. పదిహేడుతో పది మిగిలింది.

"ఇగ ఇది దేంతోని పోదు టీచర్. ప్రధాన సంఖ్యనే" అంది నా పక్కనున్న స్వప్న.

"వెయ్యి లోపటి ప్రధాన సంఖ్యలన్నిటితోని సూసినవా? సూడకుండ చెప్పద్దు."

అంతలో గల్లీలో ఎవరో అరిచారు. "లోపటున్నోళ్లు ఒక్కలు గూడ మిగల్లేదంట!"

పిల్లలు ఏడుపు అందుకున్నారు. టీచర్ తలుపు సందులోంచి అడిగారు. "నువ్వు సూసినవా అన్నా?"

"లే అక్కా. అందరు అంటున్నరు."

ఆమె మావైపు తిరిగారు. పెదవులు పాలిపోయి ఉన్నాయి. "ఆయన సూడలే. తర్వాత పంతొమ్మిది."

ఆ క్షణాన ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంతోనే భాగిస్తూ పోయాను. నూటొకటి దగ్గర ఏమీ మిగల్లేదు. "పోయింది!" అని అరిచాను.

టీచర్ గోడ పట్టుకున్నారు. "ఎవరు?"

"నూటొకటితోని పోయింది టీచర్. తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి వచ్చింది."

ఆమె బోర్డు దగ్గరికెళ్లి, గుణించి సరిచూశారు.

చీకటి పడుతుండగా నాన్న దగ్గుకుంటూ వచ్చాడు. కళ్లు ఎర్రగా వాచిపోయాయి. "చెల్లె, మల్లేశంను దవాఖానకు తీస్కపోయిన్రు."

"నువ్వు సూసినవా అన్నా?"

"సూసిన. ఊపిరాడుతుంది. నన్ను గుర్తుపట్టిండు."

అప్పుడు కూలబడి ఏడ్చారు టీచర్, మేమందరం చూస్తుండగానే. మల్లేశం మామ బతికాడు. కానీ మళ్లీ ఎప్పుడూ ఆగకుండా మెట్లెక్కలేకపోయాడు. ఇల్లు గడవడానికి ఆమె ఆ తర్వాత మరింత మందికి ట్యూషన్ చెప్పారు.

ఇప్పుడు వార్డు బయట ఎవరో ఒకరు నా చేయి పట్టుకుంటారు. "మావోడు ఉన్నడా సిస్టర్? లేడంటున్నరు..." ఏం కాదమ్మా అనేయడం తేలిక. నేను అనను. "ఇక్కడే ఉండు, చూసొచ్చి చెప్తా" అంటాను. లోపలికెళ్లి, ఆ మనిషి మణికట్టు పట్టుకుని చూసి, వెనక్కి వస్తాను.