నీమా సంచి

నల్లపిల్ల నీమా సంచిలో మత్తుమందు ఉంటుందని నాగారంలో చెప్పుకుంటారు. టాంజానియా నుంచి ఫార్మసీ చదవడానికి వచ్చిన పిల్ల. మెల్లగా నడుస్తుంది. ముసురు పట్టిందంటే స్వెట్టరు విప్పదు. పది అడుగులకోసారి సంచిలోంచి సీసా తీసి, గుక్కెడు తాగి, మళ్ళీ లోపల పెట్టుకుంటుంది. షేరింగ్ ఆటో ఎక్కితే పక్కవాళ్ళు జరగకముందే తనే అంచుకు ఒదిగి కూర్చుంటుంది.

ఆఖరి పరీక్షనాడు పొద్దున్నే ఎముకలు పిండేస్తున్నట్టు నొప్పి లేచింది. గోడలు పట్టుకుంటూ వీధి చివరి క్లినిక్‌కు వచ్చింది. డాక్టరు ఇంకా రాలేదు. "అన్నా, నొప్పి సూది. పదింటికి పరీక్ష, పోతే ఏడాది పోతుంది," అంది. కాంపౌండరు బాలేష్ నవ్వాడు. "గీ నల్లోళ్లకు సూదంటే పానం. రాత్రి మత్తు దిగినట్టున్నది." బెంచీ మీది ఐలమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "గా సంచి సూడు బిడ్డా, అండ్లనే ఉంటది." బాలేష్ సంచి గుమ్మరించాడు. హాల్‌టికెట్టు, మడతపెట్టిన కాగితం, మూడు సీసాలు పడ్డాయి. ఒకదాని మూత తీసి వాసన చూశాడు. "వాసన గూడ లేదవ్వా! మస్తు తెలివి." అందరూ నవ్వుతుండగా మూడు సీసాలూ బయటి మోరీ కాలవలో వంపేశాడు. నీమా మోకాళ్ళు పట్టుకుని మెట్ల మీద కూలబడింది. ఆమె అక్కడ ఉండగానే గోడ గడియారంలో పది దాటింది. ఆ కాగితం మడత ఎవరూ విప్పలేదు. ఆమెకు పుట్టుకతోనే సికిల్‌సెల్ అనే నెత్తురు జబ్బు ఉందనీ, నొప్పి రేగకుండా గంటగంటకూ మంచినీళ్ళు తాగాలనీ అందులో రాసి ఉంది.