లాపతా అని రాసిన చోట

నా భార్య పోయిన పదో రోజు పొద్దున, గోదావరి ఒడ్డున క్షౌరం చేసే ఆయన గోనెపట్ట పరిచి, కత్తికి కొత్త బ్లేడు వేసుకుని నా వెనక్కి చూశాడు.

"పాలోళ్లు ఎంతమంది సారూ?" అన్నాడు.

తండ్రి తరఫున ఒకే వంశంలో పుట్టిన మగవాళ్లను మా వైపు పాలోళ్లంటారు. ఒక ఇంట్లో చావు జరిగితే వాళ్లందరికీ మైల. పది రోజులు బొట్టు పెట్టుకోరు, కూరకు తాలింపు వేసుకోరు. పదో రోజు ఒకరి పక్కన ఒకరు కూర్చుని తలలు గొరిగించుకుంటారు. ఆ వరస ఎంత పొడుగుంటే ఆ ఇల్లు అంత పెద్దదని చూసేవాళ్లు లెక్క కట్టుకుంటారు.

"నేనొక్కణ్నే" అన్నాను.

"ఒక్కలేనా? మస్తు సేపు పడ్తదని పొద్దుగాల్నే వచ్చిన" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆపుకున్నాడు.

మాకు ఒక్కతే కూతురు. బసంత్‌నగర్‌లో ఉంటుంది. ఆమె, అల్లుడు కాస్త దూరంలో నిలబడి ఉన్నారు. అల్లుడు మంచివాడే కానీ పాలోడు కాడు, ఆ గోనెపట్ట మీద అతనికి చోటు లేదు. నేను తల వంచి కూర్చున్నాను. ఆ క్షణంలో నా భార్యను తలుచుకోవలసింది. కానీ నాకు ఇరవై ఏళ్ల కింద నేనన్న ఒక మాట గుర్తొచ్చింది.

ఆ మాట చెప్పాలంటే మా తాత నుంచి మొదలుపెట్టాలి. తాత బెల్లంపల్లి గనిలో చేరింది నిజాం రాజ్యంలో, బొగ్గు పనులు తెల్లదొరల చేతిలో ఉన్న రోజుల్లో. ఎవరో ఒకాయన పనికి పేరు రాయించుకుని, నంబరున్న ఇత్తడి బిళ్ల తీసుకుని, ఒక్క పూట కిందికి దిగి ఆ చీకటికి జడిసి పారిపోయాడట. ఆ బిళ్ల గేటు దగ్గర పని కోసం నిలబడి ఉన్న మా తాత చేతికొచ్చింది. బిళ్లతో పాటు ఆ మనిషి పేరు, ఇంటిపేరు, ఊరు, అన్నీ వచ్చాయి. తాత ఆ పేరుతోనే పనిచేశాడు, ఆ పేరుతోనే చచ్చిపోయాడు. మా నాన్న ఆ ఇంటిపేరుతోనే గనిలోకి దిగాడు. దవాఖానలో ఆయన్ను అన్‌ఫిట్ అన్నాక ఆ ఉద్యోగం నాకొచ్చింది. నేను కిందికి దిగలేదు. గోదావరిఖనిలో గని పైన, హాజరు వేసే కిటికీ వెనక గుమాస్తాగా కూర్చున్నాను.

ఉద్యోగంలో చేరిన వారంలో నాన్న రేడియో చప్పుడు పెంచి ఈ సంగతి చెప్పాడు.

"తాత అసలు పేరేంది బాపూ?" అని అడిగాను.

"నాకెరుకలేదు. మీ తాత చెప్పలే. మీ నాయినమ్మ సచ్చినా మొగని పేరు తియ్యదాయె. నువ్వెప్పుడు బయట అనకు. ఎవడన్న అర్జీ పెట్టిండంటే కొలువు పోతది."

ఆ భయం నాకు ఉద్యోగంతో పాటే వచ్చింది. మారుపేరు అని తేలితే ఇంటికి పంపుతారని గనుల దగ్గర అందరికీ తెలుసు. నా కిటికీ ముందు నిలబడిన ప్రతి మనిషినీ నేను పేరు పెట్టి పిలిచేవాణ్ని. నా పేరు ముందున్న ఇంటిపేరు మాత్రం ఎవరిదో.

నాన్న పోయిన ఏడాదికి ఒక పెద్దాయన మా క్వార్టరుకు వచ్చాడు. పెద్దపల్లి అవతల ఒక ఊరు. చేతిలో పచ్చి కందికాయల సంచి.

"నేను నీకు కాకనైత కొడుకా. మీ తాత, మా నాయిన అన్నదమ్ములు" అన్నాడు వాకిట్లోనే.

"గట్టిగ అనకు" అని లోపలికి లాగి, చాయ తాగించి వెనక తలుపు నుంచి పంపించాను. ఆయనేమీ అడగడానికి రాలేదు. నన్ను చూసి, కాయలిచ్చి, బస్సెక్కి వెళ్లాడు. మళ్లీ ఏడాది వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు పక్క క్వార్టరు ఆమె గుమ్మంలో నిలబడి, "ఎవలన్నా, మీ సుట్టాలా?" అని అడిగింది.

"కాదక్కా. కందికాయలమ్మేటాయన" అన్నాను.

ఆయన విన్నాడు. నా వైపు ఒకసారి చూసి, సంచి మూతి విప్పి, ఆమెతో "తీసుకుంటవా బిడ్డా? లేత కాయ. మా చెల్కల కాసినయే" అన్నాడు. నిజంగానే ఆమెకు కాయలమ్మాడు. సంచిలో మిగిలినవి మా గడప మీద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

కొన్నేళ్లకు, ఫస్టు షిఫ్టు వాళ్లు కిటికీ ముందు బారు కట్టి ఉండగా ఆ ఊరి మనిషొకడు బండి మీద వచ్చాడు.

"అన్నా, మీ కాక పోయిండు. కొడుకులు లేకపాయె. పాలోనివి నువ్వొక్కనివే అని ఎప్పుడు చెప్పేటోడు. నువ్వొస్తే కొరివి పెడ్తవని శవాన్ని ఆపిన్రు" అన్నాడు.

బారంతా నా వైపు చూసింది. నేను హాజరు పుస్తకంలోంచి తల ఎత్తకుండా అన్నాను: "ఆయన మా పాలోడు కాదు. మా ఇంటిపేరు వేరే."

అదే ఆ మాట. ఆ మనిషి బండి తిప్పుకుని వెళ్లాడు. నేను తర్వాతి మనిషిని పిలిచాను. చివరికి ఆయన భార్యే కొరివి కుండ ఎత్తుకుందని ఆ తర్వాత వారానికి అదే కిటికీ వెనక విన్నాను.

ఉద్యోగం అయిపోయాక ఇక భయమేముంది, అప్పుడే వెళ్లి ఉండొచ్చు. వెళ్లలేదు. గోనెపట్ట మీద ఒక్కణ్ని కూర్చున్న తర్వాత గానీ నాకు బంధువులు గుర్తుకు రాలేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అప్పుడైనా తిన్నగా ఆ ఊరికి పోయానా అంటే, లేదు. ఆయన నిజంగా మా కాకేనా అని ముందు కాగితాల్లో వెతకడం మొదలుపెట్టాను. గుమాస్తా బుద్ధి. తప్పు ఒప్పుకునే ముందు కూడా రుజువు కావాలి నాకు.

నాకున్న పరిచయాలతో బెల్లంపల్లి నుంచి వచ్చిన పాత కూలీల రిజిస్టరు చూడగలిగాను. అంచులు పొడి రాలుతున్న పుస్తకం, దొరల కాలపు వంకీల ఇంగ్లీషు. తాత బిళ్ల నంబరు నాకు నోటికి వచ్చు. ఆ వరుసలో పేరు, తండ్రి పేరు, ఊరు, చివర ఆనవాలు: కుడి చెంప మీద గాయపు మచ్చ. చిన్నప్పుడు తాత ఒళ్లో కూర్చుని ఆయన చెంపలు సాగదీసి ఆడుకున్నవాణ్ని నేను. రెండు చెంపలూ నున్నగా ఉండేవి. అంటే తాత ఎవరు కాదో తేలింది. ఎవరో తేలలేదు.

తర్వాత కాక ఊరి పాత భూమి కాగితాల కోసం పెద్దపల్లికి తిరిగాను. అన్నీ ఉర్దూ. ఒక విరాసత్ కాగితం నకలు సంపాదించాను. తండ్రి చనిపోతే భూమి ఎవరికి ఎక్కిందో చెప్పే కాగితమది. చదివించుకోవడానికి మా వీధి చివర పాత రేడియోలు బాగుచేసే భాయ్ దగ్గరికి వెళ్లాను. ఉర్దూ బళ్లో చదివిన మనిషి.

"క్యా అన్నా ఇది? గిర్దావరు రాసిండా, చీమలు నడిచినయా?" అని కళ్లద్దాలు పైకి తోసి, కాగితాన్ని దీపం కిందికి జరిపాడు. "ముప్పై ఏండ్లు మందికి హాజరేసినవ్. ఇప్పుడు మీ తాతకు హాజరు దొర్కుతలేదా?"

"చదువు భాయ్, పరాచికాలు తర్వాత."

"ఆగు జరా. సర్వే నంబరు... ఇద్దరు కొడుకులు. పెద్దోని పేరు మీద పట్టా చేసిన్రు. చిన్నోని పేరు పక్కన 'లాపతా' అని ఉన్నది."

"లాపతా అంటే?"

"పోయిండు. ఎటు పోయిండో ఎవలకు ఎరుక లేదు."

"చిన్నోని పేరేముంది?"

చెప్పాడు. ఆ ఊళ్లో ప్రతి మూడో ఇంట్లో ఉండే పేరు. మా తాత అసలు పేరు తెలిసిన మనిషి భూమ్మీద లేడు. ఆ పేరు ఆయనదో కాదో నేనెలా చెప్పగలను?

"కాగజ్‌ల ఇంతకంటే లేదు అన్నా" అంటూ భాయ్ కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. "పోయి మీ కాక ఇంటామెను అడుగరాదు? బతికే ఉన్నదంటివి."

ఇక సాకు మిగల్లేదు. మర్నాడు బస్సెక్కాను.

రెండు గదుల రేకుల ఇల్లు. ఆమె వాకిట్లో చేటలో బియ్యం చెరుగుతోంది. ఎనభై దాటి ఉంటాయి. నేనెవరో చెప్పాను. చేట ఆగింది. ఒక కుర్చీ చూపించి, "కూసోండ్రి సారూ" అంది.

సారూ అంది. నేను చిన్నమ్మా అని పిలిచాను. ఆమె ఆ పిలుపు వినబడనట్టే మళ్లీ చేట అందుకుంది. కాగితం తీసి వెతుకులాటంతా చెప్పాను.

"ఏమున్నది గండ్ల?"

"చిన్నకొడుకు లాపతా అని ఉంది."

"గంతేనా? గది మాకు మొదటి సంది ఎరికే." కాసేపు చెరిగి, "మా మామ చెప్పంగ ఇన్నం. తమ్ముడు బొగ్గుబాయికి పోయిండని. చూసినోళ్లెవలు లేరు. మీ బాపుది మా మామ పోలికని ఎవలో అంటె మా ఇంటాయన నమ్మిండు, నేను ఆయనను నమ్మిన" అంది.

నేను తల దించుకున్నాను. ఆమె ఆగలేదు.

"మీ బాపు పోయిన్నాడు పెద్దపల్లి అంగట్ల ఎవలో చెప్తె ఇన్నడట. ఇంటికొచ్చి అంగీతోనే నీళ్లు పోసుకున్నడు. పదొద్దులు నన్ను కూరల తాలింపు పెట్టనియ్యలే. పదోనాడు అగో, గా బండ మీద కూసోని తల తీయించుకున్నడు. ఒక్కడే."

నాకు తెలియదు. మా క్వార్టరుకు మూడుసార్లు వచ్చిన మనిషి ఆ మాట ఒక్కసారి కూడా చెప్పలేదు.

"కందికాయలమ్మి వచ్చిన అని గూడ చెప్పిండు. నవ్వుకుంటనే చెప్పిండు. బువ్వ మాత్రం తినలే."

"తప్పయింది చిన్నమ్మా" అన్నాను. నా భార్య పోయిన సంగతి, గోనెపట్ట సంగతి చెప్పాను. ఆమె చేట కింద పెట్టింది.

"ఎప్పుడు?"

"ఆరు నెలలయింది."

"మాకు కబురు రాలే" అంది. "వస్తె మైల పట్టేదాన్ని."

నేనే పాలోణ్ని కాదన్నాక, పట్టవలసిన అవసరం లేని మనిషి ఆమె. ఎండ గడప దాకా వచ్చింది. బస్సు వేళయిందని లేచాను. ఆమె కూడా లేచి గోడ వైపు నడిచింది.

"నేను పోతె నీకు కబురొస్తది. వచ్చుడు రాకుడు నీ ఇష్టం. నంబరు రాసిపో."

గోడ మీద బొగ్గుతో నాలుగైదు ఫోను నంబర్లు. ఆమెకు చదువు రాదు. అందుకని ఒక నంబరు పక్కన సిలిండరు బొమ్మ, ఒకదాని పక్కన డాక్టరు ప్లస్సు, ఒకదాని పక్కన మూడు చక్రాల ఆటో. నా నంబరు రాశాను.

"పక్కన గుర్తేదన్న గీయి. లేకుంటె ఎవలిదో నాకెట్ల ఎరుక?"

బొగ్గు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. చివరికి ఒక కందికాయ గీశాను. ఆమె దగ్గరికి వచ్చి కళ్లు చిట్లించి చూసింది.

"గింజలు తక్వ పెట్టినవ్" అంది.

ఇంకో రెండు గింజలు పెట్టి వచ్చేశాను. అప్పటినుంచి ఫోను చార్జింగు అయిపోకుండా చూసుకుంటున్నాను. అది పెద్దగా మోగదు. అక్కడినుంచి రావలసిన కబురు ఒక్కటే. అది రావద్దనే కోరుకుంటాను. వచ్చిన రోజు మాత్రం, ఎదురుగా ఎంతమంది ఉన్నా, ఈసారి నేను తల ఎత్తాలి.