అవ్వ చెప్పని ఆకు

నల్లగొండలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్న రోజులవి. ఊళ్లో పుండ్లకు ఆకుపసరు వేసే మా అవ్వ, నా ప్రాజెక్టు కోసం ఒక సీసాలో పసరు తీసి ఇచ్చింది. ఆ చేదు వాసన ఆమె వేళ్లను ఎప్పుడూ వదిలేది కాదు. ఆకు పేరు మాత్రం చెప్పలేదు.

"చెప్తే మందుకు గుణం పోతది బిడ్డా. ముందుగాల నీ పరీక్షల అది పనిచెయ్యనీ, అప్పుడు నీకే చూపిస్త" అంది.

ల్యాబులో క్రిములు పెంచే ప్లేటులో ఆ పసరు చుక్క వేసి, మర్నాడు తీసి చూశాను. పసరు వేసినచోటు చుట్టూ క్రిములు పెరగలేదు. గుండ్రంగా, అద్దంలా తేటగా ఉంది. సంతోషం పట్టలేక ఇంటికి ఫోన్ చేశాను. మా బాపు ఎత్తాడు.

"అవ్వ పోయింది బిడ్డా. పొద్దుగాల లేవనే లేదు. జల్ది రా."

నేను చేరేసరికి స్నానం చేయించేశారు. ఆమె చెయ్యి ముక్కుకు ఆనించుకున్నాను. సబ్బు వాసన వచ్చింది.

ఇప్పటికీ ఏ గట్టు మీద నడిచినా ఆకులు తెంపి, నలిపి చూస్తాను. అవ్వ చేతి వాసన ఇంకా దొరకలేదు.