చింతపండుతో తోమిన టెలిగ్రాఫు కీ

వంటింట్లో అమ్మ చింతపండు పెట్టి ఇత్తడి చెంబు తోముతోంది. ఆ పుల్లటి వాసన తగలగానే నాకొక మహాగాథ గుర్తొస్తుంది. అందులో ఇద్దరు వీరులు, తెగిన బంధం, ప్రాచీన ఆయుధం, ఘోరమైన ద్రోహం అన్నీ ఉన్నాయి. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, వీరులిద్దరికీ బీపీ. ఆయుధం టకటకమని మోర్స్ కోడ్ కొట్టే ఇత్తడి మీట, అంటే టెలిగ్రాఫు కీ. ద్రోహిని నేను. యుద్ధమేమీ జరగలేదు, పుంగనూరుకు బస్సు ప్రయాణం జరిగింది.

దానియేలు సారు టెలిగ్రాఫు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. మదనపల్లెలో మిషన్ కాంపౌండు వెనక సందులో ఉండేవారు. ఆఫీసు మూతపడ్డప్పుడు పాత సామాన్ల వేలంలో తాను రోజూ కొట్టిన కీనే తెచ్చుకున్నారు. దానిమీద నల్లగా పేరుకున్న మరక, తెల్ల రంగుతో రాసిన ఆఫీసు నంబరు ఉండేవి. కుప్పం ఆఫీసులో అవతలి కీ కొట్టిన మునెప్ప ఆయన పాత జోడీ. ఇద్దరూ ఇంట్లోంచే వైర్‌లెస్‌లో కబుర్లు పంపుకునే అమెచ్యూర్ రేడియో లైసెన్సు తీసుకుని, రోజూ పొద్దున ఆరింటికి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకునేవారు. సెల్‌ఫోన్లు బాగుచేసే నేను కూడా లైసెన్సు పరీక్ష పాసై, ఒక రేడియో కొనుక్కుని, ఆ టకటకలు నేర్చుకోవడానికి ఆయన దగ్గర చేరాను.

ఒకనాడు పిడుగు పడి సారు రేడియో కాలిపోయింది.

"ఫోన్ చెయ్యచ్చు గదా సార్?" అన్నాను.

"ఫోన్లో అయితే వాడు అరగంట మోకాళ్ళ నొప్పి సెప్తాడప్పా. కీ మీదైతే ఒక మాటలో తెగిపోతాది."

నా రేడియో ఇద్దామని నాకు తట్టలేదు. తట్టిందిలెండి, కొత్తది కదా అని ఊరుకున్నాను. పుంగనూరులో రెడ్డెప్ప అని పాత కీలు సేకరించే ఆయన ఉన్నాడు. సారు కీ ఇస్తే బదులుగా మంచి రేడియో ఇస్తానన్నాడు.

"ఇన్నేళ్ళ కీ ఇచ్చేస్తారా సార్?"

"కీ ఇంకోటి దొరుకుతాది. మునెప్ప యాడ దొరుకుతాడు?"

ఆ మాటకు నా మనసు కరిగి, పాడుపని చేసింది. ప్రయాణానికి ముందురోజు కీని ఇంటికి తెచ్చి, చింతపండు, ఇటుకపొడి వేసి గంటసేపు తోమాను. బంగారంలా మెరిసింది. సారు చూసి నోరు తెరిచారు, మళ్ళీ మూశారు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

రెడ్డెప్ప కీని అటూ ఇటూ తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"చింతపండా?"

"అవునన్నా," అన్నాను గర్వంగా.

"నాకు కావాల్సింది దాని పాతదనమప్పా. మరకా పాయె, నంబరూ పాయె. ఇప్పుడిది పెండ్లికి తోమిన చెంబు మాదిరి ఉండాది. యాల తోమినావు?"

రేడియో ఇవ్వలేదు. రెడ్డెప్ప టీ మాత్రం ఇప్పించాడు.

తిరుగు బస్సులో కీ సారు ఒళ్ళో క్యారియర్ సంచిలో ఉంది. "తిట్టండి సార్," అన్నాను.

"తిడితే నంబరు వస్తాదా?" అని కిటికీలోంచి టమాటా లారీలు చూస్తూ కూర్చున్నారు. తిట్టి ఉంటే బాగుండేది. మరుసటిరోజే నా రేడియో ఆయనింట్లో పెట్టేశాను. దీన్ని త్యాగమని రాయాలని ఉంది కానీ, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంతే.

పొద్దున ఆరింటికి సారు నాలుగు అక్షరాలు కొట్టారో లేదో, పేరు చెప్పకముందే అవతలినుంచి జవాబు మొదలైంది. సారు చెయ్యి కొట్టే తీరు మునెప్పకు అంత బాగా తెలుసు. నేను పెన్సిలుతో ఒక్కో అక్షరం రాసుకున్నాను.

"మూడు వారాలు యాడ సచ్చినావురా?"

సారు నావైపు చూడలేదు. "కీ తోముకుంటాండాను," అని కొట్టారు.

"మూడు వారాలా?"

"మురికి ఎక్కువుండాది."

నా పేరు అక్కడ రాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు. ఆయన నాకు మోర్స్ నేర్పారని అందరికీ చెబుతాను. అసలు నేర్పింది ఈ రెండు జవాబులే.

సారు పోయి రెండేళ్ళయింది. కీ నాకిచ్చి వెళ్ళారు. ఇప్పుడు ఆరింటికి మునెప్పతో నేను కొడతాను. "చెయ్యి వానిదే, తప్పులు మాత్రం నీవి," అంటాడాయన. తోమింది నేనని ఆయనకు ఇంకా చెప్పలేదు. మొదలుపెడతాను, ఈలోపు మోకాళ్ళ సంగతి వస్తుంది.

"అది కూడా ఇటియ్యి, నల్లబడిండాది, తోముతా," అంటోంది అమ్మ.

"వద్దమ్మా," అని కీని పైఅరలో పెట్టాను. ఇత్తడిని ఎలా వదిలేసినా ఫర్వాలేదు. కీ నొక్కినప్పుడు ఒకదానికొకటి తగిలే కాంటాక్టుల మధ్య మాత్రం నెలకోసారి తెల్లకాగితం ముక్క పెట్టి లాగాలి. బిల్లు కాగితం వాడకూడదు, సిరా అంటుతుంది.